రెండింటికీ మాటల్లేవండీ!

మనిషి మాట కన్నా అంకెనే ఎక్కువగా నమ్మే అలవాటు నాకు ఆ రోజుల్లోనే ముదిరింది. రావులపాలెంలో ఒక అరటిగెలల కమీషను కొట్టులో గుమాస్తాగా కొత్తగా చేరాను; ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. కొట్టు అన్నదమ్ములిద్దరిది. మేము వారిని పెద్దాయన, చిన్నాయన అనేవాళ్ళం. ఏదో పొలం గట్టు తగాదాతో ఇద్దరికీ మాటలు లేవు. ఎదురెదురు బల్లల దగ్గర కూర్చునే, "లారీ వచ్చిందేమో ఆయన్ని అడగవయ్యా" అని ఒకరు, "వచ్చిందని చెప్పవయ్యా" అని మరొకరు నాతో అనేవారు. (ఇద్దరూ చక్కగా విన్నదాన్నే నేను మళ్ళీ చెప్పాలి.)

ఆ కొట్టుకు కంప్యూటరు, కరెంటు పోయినప్పుడు దాన్ని నిలబెట్టే యూపీఎస్ వచ్చాయి. రెండింటినీ కలిపే వైరు పాడైతే, నేనే పాతదాని పొడవు కొలిచి, దాని కొసనున్న తొమ్మిది పిన్నులూ లెక్కపెట్టి, అచ్చం అలాంటిదే రాజమండ్రిలో కొనుక్కొచ్చాను. అక్కడినుంచే అయోమయం. వైరు తగిలిస్తే, కరెంటు ఉండగానే కంప్యూటరు ఆరిపోయేది. ఆరిపోయే క్షణం దాకా యూపీఎస్ మీద బ్యాటరీ నూరు శాతం అనే ఉండేది. వైరు తీసేస్తే కంప్యూటరు నడిచేది గాని, యూపీఎస్ జాడ లేదని తెర మొత్తుకునేది. నూరు శాతం ఉన్నది ఎలా ఆరిపోతుంది? అంకె అబద్ధమాడదు కదా! చేసేది లేక రాజమండ్రి మెకానిక్కుకు ఫోన్ చేశాను. లైను బాగాలేక అరవవలసి వచ్చింది.

"రెండింటికీ మాటల్లేవండీ! పక్కపక్కనే ఉంటాయి గానీ ఒకదాని సంగతి ఇంకోదానికి తెలీదండీ! ఏంటీ, పెద్దదాన్ని ఓసారి పూర్తిగా ఆపేసి చూడమంటారా?"

వెనక్కి తిరిగేసరికి కొట్టంతా నావైపే చూస్తోంది. గెలలు దించే కూలీలు కూడా ఆగిపోయారు. (నేను 'రెండింటికీ' అన్నాను, 'ఇద్దరికీ' అనలేదు. వ్యాకరణం ఇంత స్పష్టంగా ఉన్నా వినే నాథుడు లేడు.) పెద్దాయన నన్ను దాటి నేరుగా ఎదుటి బల్లవైపు చూశారు.

"విన్నావట్రా? మన గొడవ ఊరంతా ఫోన్లో చాటిస్తున్నాడు. తీసేద్దామా వీణ్ణి?"

చిన్నాయన ఉలిక్కిపడ్డారు. "తీసేస్తే లెక్కలెవరు రాస్తారన్నయ్యా?"

"ఏం, నువ్వు రాయలేవేంటి?"

"నా చేతిరాత నువ్వు చదవగలవేంటి?"

నా ఉద్యోగం పోతోందో, వాళ్ళ తగాదా తీరుతోందో తెలియక ఫోను పట్టుకునే నిలబడిపోయాను. సాయంత్రం మెకానిక్కు వచ్చాడు. "రెండు వైర్లూ చూడ్డానికి ఒకటేనండి, లోపల తీగలు కలిపిన తీరు వేరండి. మీరు తెచ్చింది తగిలిస్తే యూపీఎస్ తనంతట తనే ఆగిపోతుందండి" అని సరైన వైరు వేశాడు. "అయితే మాటల్లేనిది వీటికా!" అని పెద్దాయన నాలుక కరుచుకున్నారు. చిన్నాయన పగలబడి నవ్వారు.

నన్ను తీసెయ్యాలా వద్దా అన్న చర్చ మాత్రం ఆగలేదు. ఒకరు తీసేద్దామంటే ఇంకొకరు ఉంచుదామనేవారు; మరునాటికి పక్షాలు మారేవి. మాట్లాడుకోవడానికి వారికి అంతకన్నా అనువైన విషయం దొరకలేదనుకుంటాను. అది తేలకుండానే నేనక్కడ ఏళ్ళ తరబడి పనిచేశాను. పిన్నులు లెక్కపెట్టి నిశ్చింతగా బస్సెక్కిన ఆ కుర్ర గుమాస్తాను ఈ వయసులో తలుచుకుంటే, ఉంచాలో తీసెయ్యాలో నాకూ తేలడం లేదు.