ఓమా బంతికి అడ్డం పెట్టిన కాలు

మా ఇంటి దగ్గరి సూపర్‌మార్కెట్ ముందు నిన్నటి నుంచి ఊదారంగు పూల కుండీలు వరుసగా పెట్టారు. హైడె అంటారు ఆ పొదను. వాటిని చూస్తే నాకు మా పక్కింటి ఓమా గుర్తొస్తుంది. ఓమా అంటే ఇక్కడి పిల్లల భాషలో అమ్మమ్మ. మా పిల్లలు అలా పిలవడం మొదలుపెట్టాక నాకూ అదే అలవాటైంది. రిటైరైన లెక్కల టీచరు. సన్నగా, నిటారుగా ఉంటుంది, రూలంటే ప్రాణం. హాంబుర్గ్‌కు దక్షిణాన, హైడె పొదలు పరుచుకున్న ఇసుక నేలల్లో, ఓ పాత గోల్ఫ్ మైదానం ఉంది. ఆఫీసు కుర్చీకి అతుక్కుపోయిన నన్ను అక్కడికి లాక్కెళ్ళింది ఆవిడే. ఈ దేశంలో గోల్ఫ్ ఆడాలన్నా ముందు పరీక్ష పాసవ్వాలి. దానికీ ఆవిడే కూర్చోబెట్టి చదివించింది. "గింత బంతి ఎంబడి గంత దూరం నడుసుడేంది? దొరికినంక మళ్ళ దూరం కొట్టుడేంది?" అని మావారు నవ్వేవారు. నవ్వినా, శనివారం వంట మాత్రం ఆయనే చేసేవారు.

అక్కడ వాన వెలిసిన పావుగంటకే నేల ఆరిపోతుంది. రెండు పక్కలా పైన్ చెట్లు, వాటి ముందు మోకాలి లోతు హైడె. దూరం నుంచి మెత్తగా కనిపిస్తుంది కానీ కొమ్మలు గట్టివి, కాలు పెడితే వదలవు. బంతి అందులో పడితే మూడు నిమిషాలు వెతకొచ్చు, దొరక్కపోతే వదులుకోవాలి. నేను మొదటి వేసవిలో వదులుకున్న బంతులు మా వరంగల్ వీధిలో క్రికెట్ ఆడిన పిల్లలందరికీ సరిపోయేవి.

ఆ తర్వాతి శీతాకాలం ఓమాకు తుంటి ఎముక మార్చారు. ఫిజియో దగ్గరికి టెర్మిన్లు, అంటే అపాయింట్‌మెంట్ల మీద అపాయింట్‌మెంట్లు, నేనే కార్లో తీసుకెళ్ళేదాన్ని. ఇకమీదట బ్యాటరీ బండిలో తిరుగుతూ ఆడుకోమన్నాడు డాక్టరు. ఆవిడ పట్టు పట్టింది. హైడె పూసే నాటికి పద్దెనిమిది గుంటలూ నడిచి ఆడతాను, ఆడలేకపోతే క్లబ్బు మానేస్తాను అంది. అన్నదంటే చేసే మనిషి కాబట్టి నాకు భయం పట్టుకుంది.

ఆగస్టులో ఇద్దరం బయల్దేరాం. పన్నెండో గుంట దగ్గర బెంచీ మీద కూర్చుని నా పులిహోర తిని, నిమ్మకాయ ఎక్కువైందని చెప్పింది. పదిహేడు గుంటలు నడిచింది. చివరిదాని దగ్గర నేను ముందే వెళ్ళి జెండా పక్కన నిలబడ్డాను. ఓమా మూడో దెబ్బకు బంతి గుంటను దాటి, అవతలి వాలు మీదుగా హైడె వైపు దొర్లింది. చటుక్కున కాలు అడ్డం పెట్టి ఆపేశాను.

"చిన్నప్పుడు అన్నయ్యలతో క్రికెట్ ఆడిన అలవాటు" అన్నాను, ఆవిడ దగ్గరికి రాగానే.

"అలవాటు కాదు. నేను అందులో దిగితే పడిపోతానని ఆపావు."

నిజమే. సిగ్గేసింది. "ఎవరూ చూడలేదు ఓమా, ఇక్కడి నుంచే కొట్టేయండి" అని బతిమాలాను.

"పొద్దుటి నుంచి నడిచింది ఇక్కడ మోసం చెయ్యడానికా? ఆపినందుకు నీకు రెండు దెబ్బల శిక్ష. నా బంతి ఎక్కడ ఆగేదో అక్కడి నుంచే ఆడతాను."

చెయ్యి అందించబోతే వద్దంది. ఒక్కో అడుగూ ఎత్తి పెట్టుకుంటూ పొదల్లోకి దిగి, రూలు ప్రకారం మోకాలి ఎత్తు నుంచి బంతిని వదిలింది. మొదటి దెబ్బకు పూలు మాత్రమే రాలాయి. రెండోసారి కొడుతుంటే కాలు తడబడింది, బంతి కదల్లేదు. ఆవిడ నిలదొక్కుకుని, ఊపిరి పీల్చుకుని, మూడోసారి కొట్టింది. బంతి బయటపడింది. ఇంకో మూడు దెబ్బల్లో గుంటలో వేసి, స్కోరు కార్డు మీద ఆ గుంటకు పెద్ద తొమ్మిది రాసి, పరీక్షలో ఫస్టొచ్చిన పిల్లలా నవ్వింది.

క్లబ్బు మానలేదు. ఈ వేసవిలోనూ ఆడుతోంది. ఆ రోజు ఆవిడకు డెబ్బై ఎనిమిదేళ్ళు, నాకు నలభై ఆరు. ఇద్దరిలో ముసలిదాన్ని నేనేనని ఆ పొదల బయట నిలబడ్డప్పుడు తెలిసింది. అప్పటి నుంచి కొంచెం కొంచెంగా వయసు తగ్గించుకుంటూ వస్తున్నాను.