డాక్టరమ్మ జీతం కోసం మా అమ్మ నిరాహార దీక్ష

మా ఊరి ఆసుపత్రికి డాక్టరమ్మ వచ్చిన రోజున, కల్లాల్లో ఎండుతున్న మిరపకాయలు కూడా లేచి కూర్చుని చూశాయి. అంతకు ముందు నాలుగేళ్లు డాక్టరు కుర్చీలో కూర్చున్నది ఒక పిల్లి. దాని దగ్గరికీ జనం బాగానే వచ్చేవాళ్లు.

అలాంటి డాక్టరమ్మ ఒక సోమవారం ఆసుపత్రి ముందు టెంటు వేయించి దీక్షకు కూర్చుంది. పెంచుతామన్న జీతం పెంచలేదట, ఇచ్చేదైనా నెలనెలా రావడం లేదట. ప్రాణం మీదికొస్తే తప్ప ఎవరినీ చూడనంది. వారంలో తేలకపోతే గుంటూరు ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లిపోతానంది.

మా ఇంట్లో భూకంపం! అమ్మకు షుగరు. చేలో పత్తి మోడు గుచ్చుకుని అరికాలు పుండైతే, రెండు నెలలుగా డాక్టరమ్మే కట్లు కట్టి మాన్పుకొస్తోంది. చిలకలూరిపేట ఆసుపత్రికి తీసుకెళ్తానంటే అమ్మ వినదు. "అక్కడాయన నా మొహం చూడడురా, కాగితం చూస్తాడు."

మంగళవారం అన్నం కలుపుతూ అమ్మ హఠాత్తుగా ఆగింది.

"ఒరేయ్, దీక్షలో కూర్చున్నోళ్లకి రోజూ బీపీ, షుగరు చూడాలంటగా? చూసేదెవరు?"

"ఊళ్లో ఉన్న డాక్టరు ఆవిడొక్కతేగా."

"అయితే నేనూ కూర్చుంటా."

అమ్మ ఉపాయం పాకినంత వేగంగా మిరప ఘాటు కూడా ఊరంతా పాకదు. బుధవారం పొద్దునకు టెంటు కింద నా లెక్కన నాలుగు వేలమంది. టెంటువాడి లెక్కన నలభై. మోకాళ్ల నొప్పులు, దగ్గులు, ఆయాసాలు, అందరి మెడల్లోనూ బంతిపూల దండలు. మైకు నాది. "డాక్టరమ్మకు న్యాయం చేయాలి!" అన్న నా కేకకు హైవే మీద పత్తి లారీలు బ్రేకులు వేశాయి.

డాక్టరమ్మ తల పట్టుకుంది. తర్వాత షుగరు మిషను తీసి ఒక్కొక్కరి వేలూ గుచ్చుతూ, పుస్తకంలో రాసుకుంటూ అమ్మ దగ్గరికొచ్చింది.

"మామ్మగారూ, పొద్దున ఏం తిన్నారు?"

"దీక్షమ్మా ఇది! మంచినీళ్లు కూడా ముట్టలా."

"మూడొందల ఇరవై చూపిస్తోంది."

"... పెసరట్టు. ఒకటే."

"ఒకటేనా?"

"ఉప్మాతో."

వెనక వరసలో ఇద్దరు చప్పుడు చేయకుండా మూతులు తుడుచుకున్నారు.

"మూడు రోజులుగా ఈ టెంటులో కడుపు మాడ్చుకున్నది నేనొక్కదాన్నేనా!" అని డాక్టరమ్మ పగలబడి నవ్వింది.

సరిగ్గా అప్పుడే జీపు ఆగింది. జిల్లా వైద్యాధికారి దిగాడు. "ఇంతమంది ఎందుకు కూర్చున్నారమ్మా? ఎవరికైనా ఏదైనా అయితే?"

డాక్టరమ్మ పెసరట్టు సంగతి చెప్పిందంటే అందరం అయిపోయినట్టే. ఆవిడ మాత్రం పుస్తకం ఆయన చేతిలో పెట్టింది.

"అందరికీ ఏదో ఒకటి ఇప్పటికే ఉంది సార్. బీపీ, షుగరు, మానని పుండు. నేను వెళ్తే వీళ్లను చూసేదెవరు?"

ఆయన చూపు అమ్మ కాలి కట్టు మీద పడింది. అమ్మ ఆ కాలు ఇంకాస్త ముందుకు చాపింది.

ఆయన ఫోను తీశాడు. సాయంత్రానికి కాగితం వచ్చింది: ఆగిన జీతం ఈ వారంలోనే, పెంపు వచ్చే నెల నుంచి. ఈలలతో టెంటు గాల్లోకి లేచింది, గుంజలు పట్టుకుని ఆపాం. అమ్మ తన చేత్తో డాక్టరమ్మకు నిమ్మరసం ఇచ్చి దీక్ష విరమింపజేసింది.

"మరి నాకు?"

"మీకు చక్కెర లేకుండా."

డాక్టరమ్మ గ్లాసు కింద పెట్టి, అక్కడే కూర్చుని అమ్మ కాలు ఒళ్లోకి తీసుకుని కట్టు విప్పింది. రూపాయి బిళ్లంత పుండు కందిగింజంత అయింది. మైకు ఇంకా నా చేతిలోనే ఉంది కాబట్టి, నేను అరిచిన ఆ సంగతి పక్క ఊరికి కూడా వినిపించింది.