చిన్నాన్న జవాబు చెప్పని చోట

ముప్ఫై ఒక్కేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ట్రంకు కాల్స్ కలిపిన ఆ మనిషిని రిటైరయ్యాక కూడా అందరూ ఆపరేటరమ్మ అనే పిలిచేవారు. పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడింట్లో వెనక గదిలో ఉండేది. ఇంట్లో ఆవిడ గొంతు వినబడడమే అరుదు. ఏదైనా అడిగితే తలూపడమో, చేత్తో చూపించడమో. "మా వదిన మాటలన్నీ ఆఫీసులోనే అయిపోయాయి" అని మరదలు వచ్చినవాళ్ళ దగ్గర నవ్వేది. ఆ నవ్వు వినబడేసరికి ఆవిడ తన గదిలో తలుపు దగ్గరగా వేసుకుని ఉండేది.

అలాంటి మనిషి, చూపు లేనివాళ్ళ లైబ్రరీలో పుస్తకాలు చదివి రికార్డు చేయడానికి ఎవరైనా కావాలంటే, అడగ్గానే ఒప్పుకుంది. ఇంట్లోవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. కానీ ఆలోచిస్తే వింతేమీ లేదు. ఎదురుగా పుస్తకం, అద్దానికి అవతల ఒకే ఒక్క మనిషి. ఎవరికీ బదులు చెప్పక్కర్లేదు.

రికార్డింగు గది చాలా చిన్నది. గోడలకు పాత పరుపులు కొట్టారు. పేజీ తిప్పితే చప్పుడు కాకుండా బల్ల మీద దుప్పటి ముక్క పరిచారు. తలుపు మూయగానే వీధి చప్పుడంతా కత్తిరించినట్టు ఆగిపోయేది. కొత్తగా వచ్చినవాళ్ళు తమ గుండె చప్పుడు తామే విని బెదిరిపోయేవారు. ఆవిడకు మాత్రం సొంతింటికి వచ్చినట్టుండేది.

ఆ ఏడు ఆవిడ చేతికి ఒక లావుపాటి పాత నవల వచ్చింది. పెద్ద కుటుంబం కథ. ఆ ఇంటి మేడ మీద గదిలో ఒక చిన్నాన్న ఉంటాడు. కిందికి రాడు. కంచం గుమ్మం దగ్గర పెడితే తీసుకుంటాడు. పిల్లలు మెట్ల మీద నిలబడి పిలుస్తారు, అన్నగారు తిడతాడు, వదినగారు బతిమాలుతుంది. మూడువందల పేజీల్లో అతను ఒక్కసారి కూడా నోరు విప్పడు. ప్రతిసారీ రచయిత రాసింది ఒకటే వాక్యం: చిన్నాన్న జవాబు చెప్పలేదు.

ఆ వాక్యం చదివినప్పుడల్లా ఆవిడ నాలుగు సెకన్లు ఆగేది.

"ఈ ఖాళీలు తీసేయనా మేడమ్? మిషను ఆగిపోయిందనుకుంటారు" అన్నాడు రికార్డింగు చేసే ఆయన.

"ఉంచండి. జవాబు చెప్పలేదని తెలియాలంటే, చెప్పడానికి కాస్త టైమివ్వాలి కదా."

ఆయన నవ్వి ఖాళీలు అలాగే ఉంచేశాడు.

సీడీలు వినేవాళ్ళ దగ్గరికి వెళ్ళిన పది రోజులకు, కుర్చీలు అల్లే ఒకాయన లైబ్రరీకి వచ్చాడు. యాభై దాటిన మనిషి, పుట్టుగుడ్డి, వారానికో పుస్తకం వింటాడు. ఆపరేటరమ్మ అక్కడే ఉందని తెలిసి గొంతు వినవచ్చిన వైపు తిరిగాడు.

"అద్భుతంగా చదివారమ్మా. కానీ చిన్నాన్న మాటలు చదివిన మగాయన ఎవరు? పేరు చెప్పలేదేం?"

"చిన్నాన్నకి మాటల్లేవండీ."

"భలేవారే! నా చెవులతో విన్నాను. 'కిందికి రమ్మంటారు గానీ, వస్తే ఎక్కడ కూర్చోవాలో చెప్పరు' అన్నాడు. నిజమే కదమ్మా. నలుగురున్న చోటికి వెళ్తే నన్నూ అలాగే గుమ్మంలో నిలబెట్టేస్తారు."

 రెండు రోజుల తర్వాత, హాస్టల్లో ఉండి చదువుకునే చూపులేని అమ్మాయి ఫోన్ చేసింది.

"చిన్నాన్న 'నాకెవరి మీదా కోపం లేదు, వాళ్ళకి చెప్పు' అన్నాడు ఆంటీ. మా హాస్టల్లో అందరూ నాకు పొగరనుకుంటారు. అది వినగానే ఏడుపొచ్చేసింది."

ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టరైతే, చిన్నాన్న తనను విసుక్కున్నాడని ఫిర్యాదే చేశాడు. నెల తిరిగేసరికి తొమ్మిది మంది అయ్యారు. ఏ ఇద్దరూ విన్న మాటలు ఒకటి కావు. రికార్డింగు ఆయన ఆ ఖాళీలను కంప్యూటర్లో తెరిచి చూశాడు. స్కేలు పెట్టి గీసినట్టు తిన్నని గీత. శబ్దమంతా పెంచి విన్నా, ఉలుకూ పలుకూ లేదు.

"ఎవరి గోడు వాళ్ళే వింటున్నారు మేడమ్. పుస్తకమంటే అంతేగా" అని తేల్చేశాడు.

మళ్ళీ ఏమనిపించిందో, ఆయనే ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, చిట్టచివరి ఖాళీలో ఏం వినబడిందని అడిగాడు. మర్నాడు ఆపరేటరమ్మ వచ్చేసరికి గదిలో లైటు కూడా వేయకుండా కూర్చుని ఉన్నాడు.

"చివర్లో తొమ్మిది మందీ ఒకటే విన్నారు మేడమ్. ఒకళ్ళకొకళ్ళు తెలియదు కూడా. 'ఇంకొంచెం ఆగమ్మా' అన్నాడట. అది వాళ్ళతో కాదు. మీతో."

ఆవిడకు భయమేసింది. సీడీ ఒకటి ఇంటికి తెచ్చుకుని, మధ్యాహ్నం గదిలో చెవులు రిక్కించి విన్నది. తన గొంతు, తర్వాత నిశ్శబ్దం, మళ్ళీ తన గొంతు. మూడుసార్లు విన్నా అంతే. భయం పోయి, దాని చోట ఇంకేదో వచ్చింది. ముక్కూమొహం తెలియని వాళ్ళందరితో మాట్లాడినవాడు, మూడు వారాలు తనను నోట్లో పెట్టుకుని మోసిన మనిషితో మాత్రం ఒక్క ముక్క అనలేదు. ఆ రోజు ఆవిడకు అన్నం సహించలేదు.

"ఆఖరి అధ్యాయం మళ్ళీ చదువుతాను" అంది పొద్దున్నే వెళ్ళి.

ఆఖరి అధ్యాయంలో ఇల్లు ఖాళీ చేస్తుంటారు. సామాను ఎక్కించాక వదినగారు ఒంటరిగా మేడెక్కి, తలుపు మీద చెయ్యి వేసి అడుగుతుంది: నువ్వూ వస్తావా? చిన్నాన్న జవాబు చెప్పలేదు.

ఆపరేటరమ్మ అంతవరకు చదివి ఆగింది.

నాలుగు సెకన్లు గడిచాయి. నిమిషమైంది. రికార్డింగు ఆయన అద్దంలోంచి చూస్తున్నాడు. ఆవిడ రెండు చేతులూ పేజీ మీద పెట్టి, గది మూలకు చూస్తోంది. పెదవులు మూసే ఉన్నాయి. మధ్యలో తలూపింది. ఒకసారి చెంగుతో కళ్ళొత్తుకుంది. ఒకసారి నవ్వాపుకున్నట్టు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. శబ్దాన్ని చూపించే లైట్లు మాత్రం ఒక్కటీ వెలగలేదు. ఆయన అద్దం మీద తట్టాడు. తిరిగి చూడలేదు. లేచి తలుపు దాకా వెళ్ళి, తీయకుండానే వచ్చి కూర్చున్నాడు. పదకొండు నిమిషాలయ్యాక ఆవిడ మిగిలిన నాలుగు వాక్యాలూ చదివేసి బయటికి వచ్చింది. గొంతు బొంగురుపోయి ఉంది.

"ఏమన్నాడు మేడమ్?"

"ఆయనేమీ అనలేదండీ. నేనేగా మాట్లాడింది. మీరు వినలేదా?"

"మీరసలు పెదవి కదపలేదు మేడమ్."

ఆవిడ గుక్కెడు నీళ్ళు తాగి, ఇంటికి వెళ్ళిపోయింది.

కొత్త రికార్డు విన్న కుర్చీల ఆయన చేసే పని వదిలేసి వచ్చాడు. ఆప్తుణ్ణి పోగొట్టుకున్నవాడిలా ఉన్నాడు. "చిన్నాన్న లేడమ్మా. మొదట్నుంచీ ఎక్కడా లేడు. పాత సీడీ పెట్టుకున్నా లేడు. కొత్తదాంట్లో ఆఖరున ఎవరో ఆడమనిషి, గోడ అవతల మాట్లాడినట్టు. ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆయన్నేం చేశారమ్మా మీరు?"



హాస్టలు అమ్మాయికి మాత్రం ఆ మాటలు అర్థమయ్యాయి. ఫోన్లో చెప్పనంది, రమ్మంది. ఆదివారం ఆపరేటరమ్మ వెళ్ళింది. చుట్టాల కోసం ఉంచిన గదిలో రెండు కుర్చీలు, పైన గిరగిరా ఫ్యాను. ఆ అమ్మాయి చేతులు ఒళ్ళో పెట్టుకుని, పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది.

"చలికాలం పొద్దున. మీరు ఎక్స్ఛేంజీలో బోర్డు దగ్గరున్నారు. ఎవరో ఒకాయన కాల్ అయిపోయింది. అవతలివాళ్ళు పెట్టేశారు, ఆయన పెట్టలేదు. 'మీరున్నారా? ఊపిరి వినిపిస్తోంది. రోజూ కలిపేది మీరే కదా?' అన్నాడు. మీరు ప్లగ్గు లాగి లైను తెంచేశారు. ఆ తర్వాత ఆయన మళ్ళీ చెయ్యలేదు. మీరు ఏడాదిపాటు ఆ నంబరు కోసం చూశారు."

ఆ పదకొండు నిమిషాలకు ముందు ఈ సంగతి ఆవిడ ఏనాడూ ఎవరికీ చెప్పలేదు. ఆఖరికి తనలో తాను కూడా మాటల్లో పెట్టి అనుకోలేదు.  

"చలికాలం కాదమ్మా. వానలు. లైన్లో ఒకటే గరగర."

"అది గరగరేనా! నేను చలికి వణికే చప్పుడనుకున్నాను. ఇంకా ఉంది ఆంటీ, చెప్పనా?"

"పదకొండు నిమిషాల్లో ఎంతుంటుందే?"

"విన్నప్పుడల్లా కొత్తది వస్తోంది."

అప్పటినుంచి ప్రతి ఆదివారం వెళ్ళేది. ఆ అమ్మాయి చెప్పేది, ఈవిడ వినేది, అక్కడక్కడా దిద్దేది. తాను ఎప్పుడో మరిచిపోయినవి కూడా వచ్చేవి: తల్లి పోయిన పూట వంటింట్లో కట్టెయ్యని కుళాయి, ఇద్దరు తోటి ఆపరేటర్లు తన గురించి గుసగుసలాడిన మాటలు. భయం పూర్తిగా పోలేదు. అయినా వారం మధ్యలోంచే ఆదివారం కోసం ఎదురుచూసేది.

ఒక ఆదివారం ఆ అమ్మాయి అంది: "మీరు ఎవరింట్లోనో ఉన్నారు. చాలామంది ఉన్నారు. ఒక కుర్చీ కిర్రుమంటోంది. మీరేదో చెబుతుంటే అందరూ పడీపడీ నవ్వుతున్నారు. ఎవరో 'ఊఁ, ఆ తర్వాత?' అంటున్నారు."

ఆపరేటరమ్మ ఎంత తవ్వుకున్నా అలాంటి ఇల్లు దొరకలేదు. "ఇది నాది కాదేమోనే. నాకలాంటిది జరగలేదు."

"మీ గొంతే ఆంటీ. కాకపోతే ఇప్పటికన్నా కొంచెం వయసు మీద పడినట్టుంది."

ఆవిడ లేచి, ఆ అమ్మాయి భుజం మీద చెయ్యి వేసి, బయటికి వచ్చింది. ధ్యాసలో పడి, ఎక్కాల్సిన బస్టాపు దాటేసి రెండు స్టాపులు నడిచింది. ఎండ చురుక్కుమంటోంది. దారిలో ఒక ఇంటి కిటికీలోంచి నలుగురు నవ్విన చప్పుడు వినబడితే, గేటు దగ్గర నిలబడి కాసేపు విన్నది. అందులో కిర్రుమనే కుర్చీ చప్పుడు లేదు. మళ్ళీ నడిచింది.