ఎర్రగడ్డ పెట్టిన చిచ్చు

ఇప్పుడంటే పొద్దున లేస్తూనే ఫోన్లో ఏదో ఒక ఆట తెరవని మనిషి లేడు గానీ, నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా మార్కాపురంలో ఫోన్లో ఆటలాడేవాణ్ణి పనీపాటా లేనివాడి కిందే జమకట్టేవాళ్ళు. అటువంటిది, ఆ ఆటలు తయారు చెయ్యడమే నా ఉద్యోగమని తెలిసేసరికి మా వీధివీధంతా మా నాయనను చూసి జాలిపడింది. "ఇంజినీరింగు చదివిచ్చినావు, ఆఖరికి పిల్లోడు ఆటల్లో పడిపోయినాడే" అని ఒకాయన ఓదార్చబోతే, మా నాయన ఏమాత్రం తడుముకోకుండా "ఆడేదానికి కాదన్నా, ఆడిచ్చేదానికి జీతమిస్తాండారు" అన్నాడట. ఆ దెబ్బతో జాలి కాస్తా ఆశ్చర్యంగా మారింది. మా నాయనది పప్పులు, ఉప్పులు అమ్మే దుకాణం. కాటా ముందు నిలబడ్డ ప్రతి మనిషికీ సరుకుతో పాటు నా ఉద్యోగం సంగతి కూడా పొట్లం కట్టి ఇవ్వడం ఆయన అలవాటు చేసుకున్నాడు.

మా కంపెనీ హైదరాబాదులో. మనుషులం నలుగురైదుగురం, నేనేమో ఇంటి నుంచే పని. ఆట చెప్పాలంటే చాలా తేలిక. రోజూ పొద్దున్నే దాచిపెట్టిన మాట ఒకటి, దానికి ఒక ఆధారం, అక్షరానికొక గడి. మీకు తోచిన మాట కొట్టి చూడాలి. అక్షరం సరైన గడిలో పడితే పచ్చ రంగు, ఉండి కూడా చోటు తప్పితే పసుపు, అసలే లేకపోతే నలుపు. ఆరు ప్రయత్నాల్లో కనుక్కోవాలి. ఇంగ్లీషు ఆటకూ హిందీ ఆటకూ వేరే వాళ్ళున్నారు. తెలుగుకు మాత్రం నేనొక్కణ్ణే: గళ్ళూ నేనే, రంగులూ నేనే, తిట్లూ నాకే. మా పైఅధికారి రాజమండ్రి వైపు మనిషి. (నేను లోలోపల గోదారి సారు అని పిలుచుకునేవాణ్ణి. ఆయన నన్ను లోలోపల ఏమని పిలుచుకునేవాడో అడిగే ధైర్యం ఇప్పటికీ లేదు.) ఆయన మొదటి రోజే మెత్తగా చెప్పాడు. "చూడు బాబూ, తెలుగులో జనం వచ్చినట్టే వచ్చి పోతున్నారు. నెలాఖరుకు నిలబడితే ఆట ఉంటుంది, లేకపోతే మూసేద్దాం." ఆట మూస్తే అందులో ఉన్న నన్నేం చేస్తారో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. మా నాయన మాత్రం అప్పటికే ఊరంతా చెప్పుకుని కూర్చున్నాడు.

ఆట కింద "మీ అభిప్రాయం చెప్పండి" అని ఒక బటన్ పెట్టాను. ప్రపంచంలో తక్కిన వాళ్ళంతా దాన్ని నొక్కారేమో గానీ మావాళ్ళెవరూ నొక్కలేదు. నేరుగా దుకాణానికి వచ్చేవాళ్ళు. "అన్నా, అరకేజీ కందిపప్పు. మీవోడికి చెప్పు, ఆ పసుపు, పచ్చ నాకు ఒకటే మాదిరి అగుపిస్తాండాయి." "మామా, తప్పు కొడితే గళ్ళు అట్ల అదురుతాయేంది? భూకంపమేమో అనుకుని బయటికి ఉరికినా." ఎర్రగొండపాలెం నుంచి సంతకు వచ్చిన ఒకామె, బస్సులో వస్తూ ఆడుతుంటే అడవి దగ్గర సిగ్నలు పోయి, గెలిచిన ఆట మధ్యలోనే ఆగిపోయిందని, దానికి నేనే పూచీ అని, మా నాయన దగ్గర పిడికెడు బెల్లం కొసరుగా పట్టుకుపోయింది. నేనివన్నీ రాత్రి భోజనం దగ్గర మా నాయన నోటి వెంట విని, మంచి ఇంగ్లీషులోకి దించి హైదరాబాదుకు పంపేవాణ్ణి. గోదారి సారు ఆశ్చర్యపోయి "ఎక్కడ పట్టావయ్యా ఇంత మంది ఆటగాళ్ళని?" అని అడిగితే, "క్షేత్రస్థాయిలో పని చేస్తున్నాను సార్" అన్నాను. కాటా పక్కన మూటల మీద కూర్చోవడం కూడా క్షేత్రస్థాయే కదా.

ఈ అభిప్రాయాలన్నీ ఒక ఎత్తు, మా మేనత్త ఒక ఎత్తు. ఆమెది గిద్దలూరు. మా నాయనకు చెల్లెలు అయినా, అక్క కన్నా ఎక్కువ అజమాయిషీ చేసేది. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది, ఓటమి అంటే మాత్రం అస్సలు గిట్టదు. నేను చేరిన తొలి వారంలోనే ఫోన్ చేసి దులిపేసింది. "ఏంరా అల్లుడా, నేను 'క' కొడితే లేదని నల్లగా చూపిచ్చె. తీరా చూస్తే లోపల 'కా' ఉండె! ఇది ఆటనా, అబద్ధమా?" నేను మహా తెలివిగా "అత్తా, కంప్యూటరు లెక్కలో క వేరు, కా వేరు" అన్నాను. "క కు దీర్ఘమిస్తే కా అని ఒకటో తరగతిలో కొట్టి చెప్పినారు మాకు. మీ కంప్యూటర్ను కొట్టినోళ్ళు లేరా?" అంది. నవ్వుకుంటూనే కూర్చుని, హల్లు సరిపోయి గుణింతం తప్పితే గడి సగం మాత్రమే పసుపయ్యేలా మార్చాను. ఆ మార్పు అందరికీ నచ్చింది. అత్త మాత్రం గిద్దలూరంతా "నేను చెప్తేనే మార్చినాడు" అని చెప్పుకుంది. చెప్పుకోనీ, నిజమే కదా.

అంతవరకూ రోజువారీ మాటలు ఆఫీసు వాళ్ళు ఇచ్చిన పట్టీలోంచే వచ్చేవి. ఆ నెల మూడో వారంలో గోదారి సారు "ఇక మాటలు కూడా నువ్వే పెట్టుకో" అన్నాడు. సొంతంగా పెట్టబోయే మొదటి మాట! ఎంత ఆలోచించానో నాకే తెలుసు. కష్టంగా ఉండకూడదు, ప్రతి ఇంట్లోనూ వాడేదై ఉండాలి, చిన్నపిల్లకు కూడా తెలియాలి. దుకాణంలో నాలుగు వైపులా చూశాను. ఎదురుగా మూటలు. ఇంకేముంది! "కోస్తే ఏడిపిస్తుంది" అని ఆధారం రాసి, నాలుగు గళ్ళు పెట్టి, ఎ, ర్ర, గ, డ్డ అని పేర్చాను. ఎర్రగడ్డ. ఇంతకంటే సులువైన మాట తెలుగులో ఉండదు, పాపం జనం మొదటి దెబ్బకే కొట్టేస్తారేమో, మరీ తేలికైపోయిందేమో అని కాస్త బెంగ కూడా పడ్డాను.

మా ఇంట్లో, మా వీధిలో, నేను చదివిన కాలేజీ హాస్టల్లో ఎర్రగడ్డ అంటే ఎర్రగడ్డే. ఉల్లిపాయ అనే మాట నాకు తెలియక కాదు. అది పాఠ్యపుస్తకంలో మాట, టీవీలో వంట చేసే ఆవిడ మాట. అన్నాన్ని ఓదనం అన్నట్టు, దాన్ని ఎవరో మర్యాద కోసం అలా అంటారనుకునేవాణ్ణి.

మర్నాడు పొద్దున్నే మొదలైంది. బెజవాడ, గుంటూరు, కాకినాడ అంతా ఒక్కుమ్మడిగా "ఉల్లిపాయ" కొట్టింది. దానికీ నాలుగే అక్షరాలు, ఖర్మ! నాలుగు గళ్ళూ నల్లబడ్డాయి. తెలంగాణ వాళ్ళు "ఉల్లిగడ్డ" కొట్టారు. చివరి రెండూ పచ్చగా వెలిగేసరికి, మిగతా రెండూ ఏమై ఉంటాయో అర్థంకాక గింజుకున్నారు. ఆరు ప్రయత్నాలూ అయిపోయి జవాబు తెర మీద పడ్డాక చూడాలి వాళ్ళ కోపం. ఎందుకంటే ఎర్రగడ్డ అన్నది హైదరాబాదులో ఒక పేట. అక్కడ మతి చెదిరినవాళ్ళకు వైద్యం చేసే పెద్దాసుపత్రి ఉంది, "నిన్ను ఎర్రగడ్డలో చేర్పించాలి" అని వేళాకోళమాడుకోవడం ఆ నగరంలో మామూలు. ఈ సంగతి మార్కాపురంలో మూటల మీద కూర్చున్న నాకేం తెలుసు? "ఏడిపిస్తుంది అని అడిగి, ఆఖరికి మమ్మల్ని ఎర్రగడ్డకు పంపిస్తారా?" అని ఒకరు. "కోస్తే ఏడిపించేది ఉల్లిపాయ కాకపోతే మీ పీకా?" అని ఇంకొకరు. అభిప్రాయాల బటన్ పుట్టాక అంత నొక్కుడు అది ఎరగదు.

గోదారి సారు ఫోన్ చేసేసరికి నేను దుకాణంలో ఉన్నాను. ఆ రోజే అత్త కూడా గిద్దలూరు నుంచి పొద్దున బస్సుకు దిగి, స్టూలు మీద కూర్చుని టీ తాగుతోంది. "ఏంటయ్యా ఇది? పేటల పేర్లు పెట్టమన్నానా? ఇంతమంది ఒకేసారి తిడితే ఆటెలా నిలబడుద్ది? నెలాఖరు దాకా కూడా అక్కర్లేదు, ఇవాళే ఆపేద్దాం" అన్నాడు. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. "సార్, అది పేట కాదు సార్, కూరలో వేసుకునేది" అంటే ఆయనకు ఇంకా మండింది. మా నాయన కాటాలో పోస్తున్న శనగలు పోస్తూనే ఉన్నాడు, తూకం దాటి పొంగిపోతున్నా ఆయనకు తెలియలేదు. నా మొహం చూసి అంతా అర్థమైపోయింది ఆయనకు.

అత్త టీ గ్లాసు కింద పెట్టి, నా చేతిలో ఫోన్ లాక్కుని స్పీకర్లో పెట్టింది. "సారూ, నేను వీడి మేనత్తను. మీ ఆట దినామూ ఆడేదాన్ని. ఒక మాట అడుగుతా, ఏమనుకోవద్దు. మీరు బంగాళాదుంప పెట్టినారు, నేనేమన్నా అంటినా? బొబ్బర్లు పెట్టినారు. అవి మా అలసందలేనని ఎవురు చెప్పినారు నాకు? కిందామీదా పడి నేనే ఎతుక్కుంటిని. ఇన్నాళ్ళకు ఒక్కరోజు మా ఎర్రగడ్డ వచ్చేసరికి మీకు కండ్లమ్మటి నీళ్ళొచ్చినాయా?" ఉద్యోగం ఎటూ పోయింది, ఇక పరువైనా మిగిలిస్తే బాగుండునని నేను దణ్ణం పెడుతున్నాను. అంతలో ఆయన గొంతు వినిపించింది, కాస్త తగ్గి. "మరి వెల్లుల్లిని ఏమంటారమ్మా మీరు?" "తెల్లగడ్డ." "బంగాళాదుంపని?" "ఉర్లగడ్డ." "అన్నీ గడ్డలేనా అమ్మా!" "గడ్డను గడ్డ అనక పండంటామా సారూ?"

ఆయన పకపకా నవ్వాడు. ఆ నవ్వు విన్నాక గానీ మా నాయన శనగల చేట కింద పెట్టలేదు. "మా అమ్మమ్మ నీరుల్లిపాయ అనేదండీ. ఆవిడ పోయాక ఆ మాట మా ఇంట్లో ఎవరూ అనడం లేదు" అన్నాడు సారు, తనలో తాను అనుకున్నట్టు. ఆ మాట వినగానే నా బుర్రలో ఒక ఆలోచన తట్టింది. ఫోన్ తీసుకుని, గబగబా చెప్పేశాను. "సార్, ఆపొద్దు. ఆట అయిపోయాక జవాబు కింద ఒక గడి పెడతాను. 'దీన్ని మీ ఊళ్ళో ఏమంటారు?' అని అడుగుదాం. తిట్టేవాళ్ళు అందులో తిట్టనీండి, వాళ్ళ మాట చెప్పి తిట్టనీండి. తిట్టు వాళ్ళకు తృప్తి, మాట మనకు లాభం." ఆయన "నెలాఖరు దాకానే" అన్నాడు.

ఆ మధ్యాహ్నమే గడి కట్టి వదిలాను. మొదట వచ్చినవి తిట్లే. సాయంత్రానికి తిట్ల మధ్యలో మాటలు మొదలయ్యాయి. ఉల్లిపాయ, ఉల్లిగడ్డ, నీరుల్లి. కర్నూలు, కడప నుంచి ఎవరెవరో "మేము కూడా ఎర్రగడ్డే అంటాం, ఇన్నాళ్ళకు మా మాట పెట్టినారు" అని ఉప్పొంగిపోయి రాశారు. మర్నాటి నుంచి జనం ఆట కోసం వచ్చి, ఆ గడి కోసం ఆగడం మొదలుపెట్టారు. ఎవరి ఊరి మాట గొప్పదని వాదులాట, నీ మాటే సరైనదా నాది కాదా అని పంతాలు. పంతం పట్టిన తెలుగువాడు ఎక్కడికి పోతాడండీ, మళ్ళీ పొద్దున్నే వస్తాడు! నెలాఖరుకు గోదారి సారు ఫోన్ చేసి "ఉంచుతున్నామయ్యా. ఇంగ్లీషాట వాళ్ళు కూడా అడుగుతున్నారు, ఆ గడి ఎలా కట్టావని" అన్నాడు. నాకు కళ్ళు చెమర్చాయి, సిగ్గెందుకు చెప్పడానికి. మా నాయన అయితే వారం రోజుల పాటు వచ్చినవాళ్ళందరికీ ఒకటే మాట. "మావోడు ఎర్రగడ్డను కంప్యూటర్లోకి ఎక్కిచ్చినాడు." కొన్నవాళ్ళకు రెండు ఎర్రగడ్డలు కొసరు కూడా వేశాడు.

ఆ తర్వాత నేను హైదరాబాదు వచ్చేశాను, కంపెనీ మారాను, ఆట వేరే వాళ్ళ చేతుల్లోకి వెళ్ళింది. నేనిప్పుడు అందరిలాగే పొద్దున్నే ఆడుకునే మామూలు ఆటగాణ్ణి. మొన్నొక రోజు ఆధారం "ఇంట్లో అల్లరంతా వీడిదే" అని వచ్చింది, మూడు గళ్ళు. పిల్లోడు కొట్టాను, బుడ్డోడు కొట్టాను, కుర్రాడు కొట్టాను. చివరి "డు" ఒక్కటే పచ్చగా నవ్వుతోంది, మిగతాదంతా నలుపు. ఆరూ అయిపోయాయి. జవాబు: గుంటడు. ఒళ్ళు మండిపోయింది. గుంట అంటే గొయ్యి కదా, ఇదేం మాట, ఎవరు పెట్టారిది, మా రోజుల్లో ఎంత జాగ్రత్తగా పెట్టేవాళ్ళం! అభిప్రాయాల బటన్ నొక్కి, అచ్చమైన ఘాటు తెలుగులో అంతా రాసి పంపించేశాను. పంపాక గానీ నాకు సిగ్గు వెయ్యలేదు.

అప్పుడే అత్త ఫోన్ చేసింది. "ఏం అల్లుడా, ఈ పొద్దు కొట్టినావా? నేను రెండో దెబ్బకే కొట్టినా." "నీకెట్ల తెలుసత్తా ఆ మాట? నువ్వు నంద్యాల దాటి ఎప్పుడన్నా పోయినావా?" అన్నాను. "శ్రీకాకుళం పక్క పిల్లోణ్ణి గుంటడు అంటారంట. 'పిల్లోడు' వచ్చిన దినం కింద ఎవురో రాసింటే చదివినా. దినామూ కిందంతా చదవంది నాకు కాఫీ దిగదు. నువ్వు చదవవా?" అంది. "ఆ గడి కట్టినోణ్ణి నేను అత్తా!" అన్నాను, ఉక్రోషంగా. "కట్టినావు గదా నాయనా, నేను కాదంటినా? కట్టినోడు చదవగూడదని రాసిపెట్టినారా యాడన్నా?" అని నవ్వి పెట్టేసింది.

నంద్యాల దాటని మా అత్త నోట శ్రీకాకుళం మాట! దుకాణంలో మూటల మీద కూర్చుని "ఆపొద్దు సార్" అన్న ఆ కుర్రవాడు గుర్తొచ్చి, వాడి భుజం తట్టాలనిపించింది. ఆట ఓడిపోయి అంత గర్వపడటం నాకు అదే మొదటిసారి. ఆ పూట ఆఫీసుకు ఆలస్యంగా వెళ్ళాను, కింద జనం రాసినవన్నీ చదివేసరికి ఎండెక్కింది.