మోకాలి సూది కోసం మార్కాపురం

ఫోన్‌లో చదివిన ఒక్క వార్త నన్ను హైదరాబాద్ నుంచి కొమరోలు లాక్కెళ్ళింది. అరిగిన మోకాలి కీలులోకి సూదితో జన్యువును పంపి, వాపు తగ్గించే మందును అక్కడి కణాల చేతే తయారు చేయిస్తారట. ఇంకా పరీక్షల దశే. కొమరోలులో ఉండే మా నాయనమ్మను, అంటే జేజిని, ఆ పరీక్షల్లో చేర్పించాలని నా పట్టుదల. చర్చిలో అందరిలా మోకాళ్ళూని ప్రార్థన చేసుకోవాలని ఆమె ఆశ.

ముందు ఎముకల డాక్టరు చీటీ కావాలన్నారు ఆ పరీక్షలు చేసేవాళ్ళు. పొద్దున ఏడింటికి బస్సులో గిద్దలూరు చేరి, రైలెక్కాం. నేను తొందరపెడుతుంటే, దొనకొండ పోతున్న ఒకామె జేజిని చంకలో చెయ్యేసి ఎక్కించింది.

"ఏంది పిల్లా, అట్ల గుంజుతుండావు? మనిషామె, మూట గాదు."

నాకు ఒళ్ళు మండింది. కానీ సీటిచ్చింది ఆమే. కంభం దాటేలోపు తన పెరుగన్నం మాకూ పెట్టింది.

మార్కాపురం రోడ్డు స్టేషన్ నుంచి ఊళ్ళోకి షేర్ ఆటోలు దొరుకుతాయి. డాక్టరు ఎక్స్‌రే చూసి, ఇది ఒట్టి అరుగుదల కాదని, బోరునీళ్ళ ఫ్లోరైడ్ ఎముకల్లో పేరుకుందని, పరీక్షలకు ఈమెను తీసుకోరని చెప్పాడు. ఫోన్ ఆయన ముందు పెట్టి గట్టిగా వాదించాను. ఆయన నన్ను వదిలేసి, ఏ నీళ్ళు వాడతావని జేజిని అడిగాడు.

"తాగేది క్యాన్ నీళ్ళే నాయనా. అన్నానికీ టీకీ బోరువి. కాగితే చెడు పోతాదిగా."

"పోదమ్మా. నీళ్ళు ఆవిరైతాయి, అది మిగుల్తాది."

ఆ వీధిలో అందరూ చేసే పనే అది. గట్టిపడిన ఎముక మళ్ళీ మామూలు కాదని, వంటకూ నీళ్ళు మారిస్తే నొప్పి కొంత తగ్గొచ్చని చెప్పి, మందులు రాశాడు. అంత ఓపిగ్గా నాకెవరూ కాదని చెప్పలేదు. అక్కడి నుంచే కొమరోలు వాటర్ ప్లాంటుకు ఫోన్ చేసి ఇంకో క్యాన్ వేయమన్నాను.

తిరుగు రైల్లో జేజి మెల్లగా అంది: "అయితే లోటు నా విశ్వాసంలో గాదు పాపా. నీళ్ళల్లో."

అటువైపు మోకాళ్ళ నొప్పులతో డాక్టరు దగ్గరికి వెళ్ళేవాళ్ళు సూది సంగతి తర్వాత, వంటనీళ్ళ సంగతి ముందు అడగండి.

మర్నాడు సాయంత్రం నా బస్సు. బస్టాండులో టీకొట్టాయన జేజికి కుర్చీ వేశాడు. ముందుకు వంగిన నా తలమీద చెయ్యిపెట్టి జేజి ప్రార్థన మొదలెట్టింది. ఎప్పుడైనా మొదటి మాట, మోకరించలేకున్నా క్షమించు తండ్రీ అనే. ఈసారి ఆ మాట లేదు. కుర్చీలో నిటారుగా కూర్చుని, నేరుగా డాక్టరు పేరుతో మొదలుపెట్టి, రైల్లో అన్నం పెట్టినామె దాకా అందరికీ మేలు అడిగింది. బస్సు కదలబోతుంటే ఆ ప్రార్థనలో నా వంతు వచ్చింది.