పిలిస్తే పలకని సర్వరు

ఆ రోజు పొద్దున్న ముదినేపల్లిలో బస్సెక్కానో లేదో, అమ్మ ఫోను. ఇంట్లోంచి బయల్దేరి ఎంతోసేపు కాలేదు.

"ఆవిడ ఏమన్నా సరే, ఊఁ అను. ఆ నోరు కాస్త అదుపులో పెట్టుకో తల్లీ. నేను ప్రార్థనలో ఉంటాను."

"పరీక్ష నాకు కాదమ్మా, పిల్లలకి."

"నీకే," అని పెట్టేసింది.

అమ్మ అన్నది నిజమే. గుడివాడకి అవతల ఒక ఇంజినీరింగు కాలేజీలో కంప్యూటర్ ల్యాబులనీ, వాటన్నిటినీ నడిపే సర్వరునీ చూసుకోవడం నా ఉద్యోగం. ఆ రోజు జావా ల్యాబు పరీక్షకి బయటి ఎగ్జామినరుగా వస్తున్నది బందరులో పాఠాలు చెప్పే ఒక మేడమ్. మొన్న ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక మా చిన్నాన్నగారింట్లో నన్ను చూసుకుని వెళ్లిన అబ్బాయికి ఆవిడ కన్నతల్లి. జ్వరం వచ్చి చూపులకి రాలేకపోయారు. "అమ్మ కూడా చూశాక చెబుతామండీ" అని వెళ్లారు వాళ్లు. నన్ను చూడ్డానికే ఆవిడ ఈ డ్యూటీ వేయించుకున్నారని మా అమ్మ అనుమానం.

అబ్బాయిది నాగాయలంక వైపు రొయ్యల చెరువుల మీద తిరుగుతూ రైతులకి సలహాలు చెప్పే ఉద్యోగం. చూపులకి కూడా ప్యాంటు అంచుకి బురదతోనే వచ్చాడు. సర్వరుని నేను రోజూ తిట్టే తిట్లు చెబితే కాఫీ ఒలకబోసుకునేంత నవ్వాడు. నాకు నచ్చాడు. సిగ్గెందుకు, బాగా నచ్చాడు. అంతకుముందు వచ్చినవాళ్లు "అమ్మాయి కాస్త గట్టిగా మాట్లాడుతుందండీ" అని చల్లగా జారుకున్నారు. ఈ సంబంధం కూడా తప్పిపోతే కూర్చుని ఏడుస్తానని నాకు తెలుసు.

మేడమ్ వచ్చారు. నేత చీర, కళ్లద్దాలు, చేతిలో మంచినీళ్ల సీసా. నమస్కారం పెట్టాలో, చర్చిలోలాగా వందనాలు చెప్పాలో తేల్చుకోలేక "గుడ్ మార్నింగ్ మేడమ్" అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "జావా ఏ వెర్షనమ్మా?" అన్నారు. చూడ్డానికి వచ్చినవాళ్లు అడగాల్సిన ప్రశ్నేనా అది? వంటొచ్చా అంటే టకీమని చెప్పేదాన్ని.

కమాండు కొట్టి చూస్తే ఎప్పటిదో పాత వెర్షను వచ్చింది. పిల్లలకిచ్చిన ప్రశ్నలేమో కొత్త సిలబస్సువి. పాత జావాకి అవి మింగుడుపడవు.

"కొత్తది కూడా వేశాం మేడమ్," అన్నాను. వేసిన మాట నిజం. ఎక్కడ వేశామన్నదే గుర్తు లేదు.

నాకు ముందు ఆ కుర్చీలో కూర్చున్న మహానుభావులు ఎవరికి తోచిన చోట వాళ్లు ఒక్కో జావా దింపి వెళ్లారు. వెతికితే మొత్తం నాలుగు తేలాయి. వాటిలో ఒకటి "కొత్తది" అని పేరు పెట్టిన ఫోల్డర్లో ఉంది. అన్నిటికన్నా పాతది అదే. జావా అని పిలిస్తే ఈ నలుగురిలో ఎవరు పలకాలో సర్వరుకి చెప్పేది పాత్, అంటే దారి, అనే ఒక్క లైను. అందులో ఫోల్డర్ల పేర్లు వరుసగా ఉంటాయి. ఏది ముందుంటే అందులోది పలుకుతుంది. మా వీధిలో "మావయ్యా" అని కేకేస్తే అరుగు మీద ముందు కూర్చున్నాయన తలెత్తినట్టు. మా సర్వరు అరుగు మీద ముందున్నాయన బాగా ముసలాయన.

"నీ దుంప తెగ," అన్నాను సర్వరుని. పైకే అనేశాను. మేడమ్ కళ్లద్దాలు సర్దుకున్నారు.

ఇంక లాభం లేదని, అందరికీ వర్తించే ఫైలు తెరిచి, పాత్ అంటే ఇదీ అని కొత్త జావా ఉన్న ఫోల్డరు పేరు రాసి సేవ్ చేశాను. "అందరూ ఒకసారి బయటికొచ్చి మళ్లీ లాగినవ్వండి," అన్నాను దర్జాగా. నేనూ లాగినయ్యి జావా అని కొట్టాను. కొత్తది పలికింది. మేడమ్ వైపు గర్వంగా చూశాను.

అప్పుడు మూల నుంచి ఒక అమ్మాయి లేచి, "మేడమ్, ఎల్ఎస్ రావట్లేదండీ," అంది.

ఎల్ఎస్ అంటే ఫోల్డర్లో ఏమేం ఉన్నాయో చూపించే కమాండు. రోజూ అన్నం తిన్నంత మామూలుగా వాడేది. నేనూ కొట్టాను. 'కమాండ్ నాట్ ఫౌండ్' అంది. తప్పు దిద్దుదామని, ఫైళ్లు తెరిచి రాసే ఎడిటర్ ప్రోగ్రాముని పిలిచాను. అదీ లేదంది. ల్యాబంతా అదే గోల మొదలైంది. నేను చేసిన ఘనకార్యం అప్పుడు తెలిసింది. ఉన్న వరుసకి కొత్త ఫోల్డరు చేర్చాల్సింది పోయి, వరుసంతా తుడిచేసి అదొక్కటే రాశాను. ఇప్పుడు సర్వరుకి జావా ఇల్లు తప్ప మరో ఇల్లు తెలియదు.

ఎవర్ని పిలిచినా లేనంటున్నారు. వెనక పిల్లల కిసకిసలు. ఇంట్లో మా అమ్మ వారం రోజులుగా జపిస్తున్న మాట ఉన్నట్టుండి నా నోట్లోంచి ఊడిపడింది.

"అత్తయ్యగారూ," అన్నాను.

ల్యాబులో తలలన్నీ మా వైపు తిరిగాయి. మేడమ్ అని సర్దుకోబోయాను.

"ఆఁ, చెప్పమ్మా," అన్నారావిడ, కుర్చీ నా పక్కకి లాక్కుంటూ.

"ఏది పిలిచినా పలకట్లేదండీ."

"దారంతా నువ్వే తుడిచేశావు కదా. ఉత్త పేరు పెట్టి పిలిస్తే ఎలా పలుకుతుంది? ఇంటిపేరుతో సహా పిలువు."

అప్పుడు వెలిగింది. మనకి ఇంటిపేరు ముందూ, పేరు తర్వాతా. సర్వరులోనూ అంతే, ముందు ఇల్లు, చివర పేరు. స్లాష్ యూఎస్ఆర్ స్లాష్ బిన్ స్లాష్ అని ఇంటిపేరు తగిలించి ఎడిటర్ని పిలిచాను. బుద్ధిగా వచ్చి తెరుచుకుంది. కొత్త జావాని ముందు పెట్టి, దాని వెనక పాత వరుసంతా మళ్లీ తగిలించాను. పిల్లలు లాగినయ్యారు, ఎల్ఎస్ వచ్చింది, పరీక్ష మొదలైంది.

ఆ తర్వాత సాయంత్రం దాకా ఆవిడ నాతో మాట్లాడలేదు. మార్కులు వేసుకుని, సంతకాలు పెట్టి, బందరు బస్సుకి వెళ్తూ మాత్రం, "ఆ మిగతా మూడు జావాలూ తీసెయ్యమ్మా," అన్నారు.

బస్సులో దారి పొడుగునా కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. ఇంటికెళ్లి జరిగిందంతా చెబితే అమ్మ నెత్తి కొట్టుకుంది.

"దుంప తెగ అన్నావా? ఆవిడ ముందా? పైగా పిల్లలందరిలో అత్తయ్యగారూ అన్నావా?" మళ్లీ తనే, "మధ్యలో చేపల పులుసు అడుగంటుతోందని ప్రార్థన ఆపానే. సరిగ్గా అప్పుడే అయ్యుంటుంది," అంది.

దీపాలు పెట్టే వేళకి ఆవిడే ఫోన్ చేశారు. అమ్మ స్పీకరు పెట్టింది.

"మీ అమ్మాయి అందరి ముందూ నన్ను అత్తయ్యగారూ అని పిలిచిందండీ."

"తప్పయిపోయిందండీ, ఏదో కంగారులో..."

"తప్పో ఒప్పో, నేను పలికేశాను. పలికాక ఇంక కాదనేదేముంది? మీ పాస్టరు గారితో మాట్లాడి పెళ్లి ప్రధానానికి మంచి రోజు చెప్పండి."

అమ్మ ఫోను నా చేతిలో కుక్కింది. ఏమని పిలవాలో ఆలోచించబోయి మానేశాను.

"అత్తయ్యగారూ."

"ఆఁ, చెప్పమ్మా," అన్నారు, ల్యాబులో అన్నట్టే.

నాకు మళ్లీ ఏడుపొచ్చింది. ఏం చెప్పాలో తోచక, ఆ మూడు జావాలూ తీసేశానండీ అన్నాను. అవి ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.