నేను చెప్పని గోతాల సంగతి

2006లో నేను తెనాలిలో ఒక రైస్ మిల్లు కంపెనీ హెడ్డాఫీసులో స్టోర్స్ ఇన్‌ఛార్జిని. మిల్లులు రెండు, ఒకటి రేపల్లెలో, ఒకటి బాపట్లలో. వాటికి కావలసిన బెల్టులు, బేరింగులు, రబ్బరు రోలర్లు, గోనె సంచులు అన్నీ నా చేతి మీదుగానే వెళ్ళేవి. అప్పటికి పదహారేళ్ళ సర్వీసు నాది. ఏ బేరింగు ఏ అరలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పేవాణ్ణి. ఆ గర్వం నాకుండేది, ఉంటే తప్పేమిటి?

ఆ వేసవిలో మా యజమాని కంపెనీలో ఈఆర్పీ పెట్టిస్తున్నానన్నారు. పేరు చూసి కంగారు పడనక్కర్లేదు. అంతకుముందు కొనుగోళ్ళకో పుస్తకం, స్టోర్స్‌కో పుస్తకం, అమ్మకాలకో పుస్తకం. ఒకరి పుస్తకంలో ఏముందో ఇంకొకరికి తెలియదు. ఈఆర్పీలో అందరి పనీ ఒకే సాఫ్ట్‌వేర్‌లో నడుస్తుంది. అందులో ఒక్కో విభాగానికి ఒక్కో భాగం ఉంటుంది, దాన్నే మాడ్యూల్ అంటారు. పర్చేజ్ మాడ్యూల్‌లో సరుకు వచ్చినట్టు రాస్తే, ఇన్వెంటరీ మాడ్యూల్‌లో, అంటే మా స్టోర్స్ భాగంలో, నిల్వ దానంతటదే పెరుగుతుంది. ప్రతి మాడ్యూల్‌కీ సిబ్బందిలోంచి ఒక కీ యూజర్‌ని పెడతారు. మన పని ఎలా జరుగుతుందో సాఫ్ట్‌వేర్ వాళ్ళకి చెప్పి, వాళ్ళు తయారు చేసినదాన్ని మనవాళ్ళకి నేర్పే మనిషి అన్నమాట.

ఇన్వెంటరీకి కీ యూజర్ ఇంకెవరు, నేనే అనుకున్నాను. చొక్కా ఇస్త్రీ చేయించుకుని మరీ మీటింగుకి వెళ్ళాను. సార్ చదివిన పేరు ఎస్తేరు.

ఎస్తేరు బాపట్ల మిల్లులో బియ్యం లోడింగ్ కాగితాలు చూసే అమ్మాయి. వాళ్ళ నాన్నగారు మిషన్ బడిలో మాస్టారు. ఉద్యోగంలో చేరి మూడేళ్ళు కాలేదు. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల నా స్టోర్స్‌కి పెద్ద అయింది. దాచడమెందుకు, కడుపు మండిపోయింది. బాపట్ల నుంచి రోజూ రైల్లో వచ్చేది. సాఫ్ట్‌వేర్ పెట్టడానికొచ్చిన హైదరాబాదు కుర్రాళ్ళు ఆమెను మేడమ్ అనేవాళ్ళు, నన్ను అంకుల్ అనేవాళ్ళు. ఆమె కీబోర్డు వైపు చూడకుండా టైపు చేస్తుంటే నాకు ఒళ్ళు మండేది. నేను ఒక్కో అక్షరం వెతుక్కునేవాణ్ణి.

ఇంట్లో కూడా అదే ధ్యాస. "ఏంటండీ, వారం నుంచి ఆ అమ్మాయి పేరే జపం చేస్తున్నారు," అంది మా ఆవిడ. "జపం కాదు, శాపం," అన్నాను.

జులైలో ఒకరోజు ఎస్తేరు కాగితాల కట్ట పట్టుకుని నా బల్ల దగ్గరకొచ్చింది. స్టోర్స్ పని మీద ప్రశ్నలు అడగడం, నా జవాబులు రాసుకోవడం. చాలావాటికి నిజమే చెప్పాను. చివర్లో ఇలా అడిగింది.

"స్టోర్స్‌లోంచి బయటికెళ్ళి మళ్ళీ తిరిగొచ్చే సరుకు ఏమైనా ఉందా బాబాయ్? వాటిని రిటర్నబుల్ అని విడిగా పెట్టాలంట."

ఉంది. గోతాలు. రేపల్లె మిల్లుకి ఒక ఆనవాయితీ ఉండేది. కోతలకి ముందే మా ఖాళీ గోతాలు ఊళ్ళకి పంపేవాళ్ళం. మా గోతం తీసుకున్న రైతు ధాన్యం మాకే ఇచ్చినట్టు. కాగితం లేదు, సంతకం లేదు, గోతమే మాట. ధాన్యంతో వచ్చిన గోతాలు మిల్లులో ఖాళీ చేయగానే ఇంకో ఊరికి వెళ్ళేవి. ఏ ఊళ్ళో ఎవరి దగ్గర ఎన్ని ఉన్నాయో నా సొంత నోటుపుస్తకంలో తప్ప ఎక్కడా ఉండేది కాదు. బాపట్లలో ఈ పద్ధతి లేదు కాబట్టి ఎస్తేరుకి తెలిసే వీల్లేదు.

"మోటార్లు రివైండింగ్‌కి వెళ్ళొస్తాయమ్మా. అంతే," అన్నాను.

"అంతేనా అండి?"

"అంతే."

రాసుకుని వెళ్ళిపోయింది. అంత తెలివిగలది కదా, కనుక్కోనీ అనుకున్నాను. ఆ రోజు అన్నం కడుపునిండా తిన్నాను. తర్వాత టెస్టింగ్‌లో అంతా సరిగ్గా ఉందని సంతకం పెట్టమంటే అదీ పెట్టాను.

నవంబరులో పాత పుస్తకాలు మూసేసి ఈఆర్పీలోకి మారిపోయాం. ఊళ్ళకి పంపిన గోతాలన్నీ వాడేసిన సరుకు కింద రాసేసుకుంది సిస్టమ్. డిసెంబరులో కోతలు మొదలయ్యాయి. ధాన్యం వచ్చింది, గోతాలు ఖాళీ అయ్యాయి, షెడ్డులో గుట్టలు పడ్డాయి. వాడేసిన సరుకు తిరిగొచ్చిందని రాయడానికి సిస్టమ్‌లో చోటు లేదు కాబట్టి స్క్రీన్ మీద మాత్రం గోతాలు సున్నా. నిల్వ సున్నా అయితే గేట్‌పాస్ రాదు. గేట్‌పాస్ లేనిదే బండి గేటు దాటకూడదని సార్ కొత్త రూలు. సరిగ్గా అప్పుడే అల్పపీడనమని రేడియోలో చెప్పారు.

సార్ మా ఇద్దర్నీ రేపల్లె రమ్మన్నారు. ఉదయం ప్యాసింజర్లో ఎదురెదురుగా కూర్చున్నాం. వేమూరు దాటాక రెండు పక్కలా కోసిన వరి పనల మీదే ఉంది, మబ్బు కమ్ముకొస్తోంది.

"ఎక్కడ తప్పు చేశానంటారు బాబాయ్? రాత్రంతా చూసుకున్నానండి, దొరకలేదు," అంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

మిల్లు గేటు దగ్గర పదిమంది రైతులున్నారు. "షెడ్డులో గోతాలు కనపడతానే ఉన్నాయి, లేవంటారేంటండీ? తడిస్తే మొలకలొస్తాయి. మీరివ్వకపోతే పక్క మిల్లోళ్ళవి తీసుకుంటాం," అని ఒక పెద్దాయన గట్టిగానే అన్నాడు.

లోపల సార్ ఎస్తేరుని కూర్చోమనలేదు. "గోతాలు తిరిగొస్తాయని నీకెవరూ చెప్పలేదా? ఎవర్ని అడిగి రాశావు? సమాధానం లేకపోతే రేపట్నుంచి రావద్దు," అన్నారు.

ఆమె ఫైలు తీసి బల్ల మీద పెట్టింది. సార్ చూసి నా వైపు జరిపారు. ప్రశ్న, జవాబు, చెప్పినవారు, మళ్ళీ ఎవర్ని అడిగి ఖాయం చేసుకున్నారు అని నాలుగు గడులు. కొనుగోళ్ళ గుమస్తా చెప్పినదానికి ఇంకొకరి పేరుంది. మేనేజర్ చెప్పినదానికి కూడా ఉంది. నా పేరున్న ప్రతి వరుసలో ఆఖరి గడిలో 'అక్కర్లేదు' అని రాసుంది. పై నుంచి కింద దాకా చూశాను.

"రెండోసారి ఎందుకు కనుక్కోలేదమ్మా?" అన్నారు సార్.

"ఆయన చెప్పాక ఇంకెవర్ని అడగాలండి?"

నిష్ఠూరంగా అనలేదు. ఉన్నమాట చెప్పినట్టే చెప్పింది.

"నాకు తెలుసండి," అన్నాను. "గోతాల సంగతి నాకు తెలుసు. కావాలనే చెప్పలేదు."

ఎస్తేరు నన్ను చాలాసేపు చూసింది. కోపంగా చూస్తే బాగుండేది. అర్థంకాని లెక్క చూసినట్టు చూసింది.

చేతిరాత చీటీల మీద బళ్ళు వదలమని సార్ గేటుకి చెప్పారు. మధ్యాహ్నానికి గోతాలు బయల్దేరాయి. అప్పటికే రెండు ఊళ్ళ వాళ్ళు పక్క మిల్లు గోతాలు తీసుకున్నారు, ఆ ఏడు ఆ ధాన్యం మాది కాకుండా పోయింది. నా నోటుపుస్తకం ఎస్తేరు ముందు పెట్టాను. నేను పేర్లు చదువుతుంటే ఆమె ఎక్కించింది. రెండు రోజులు పట్టింది. ఈఆర్పీలో గోతాలు రిటర్నబుల్ అయ్యాయి.

సార్ నన్ను తీసెయ్యలేదు. సీజను అయ్యేదాకా రేపల్లె షెడ్డులో పడేశారు, అది న్యాయమే. ఎస్తేరు కూడా నాతో మాట్లాడటం మానలేదు, బాబాయ్ అనడమూ మానలేదు. పదహారేళ్ళలో నేను సంపాదించుకున్నది ఏమిటో నాకు అప్పటిదాకా తెలియదు. ఆ పిల్ల కుర్చీ చూసి ఏడ్చానే గానీ, ఆ పిల్ల నాకిచ్చిన స్థానం చూసుకోలేదు.

ఫిబ్రవరిలో నేను తెనాలికి తిరిగొచ్చాక ప్రొడక్షన్ మాడ్యూల్ పని మొదలైంది. ఎస్తేరు నా దగ్గరకొచ్చి ఎలివేటర్ బెల్టు ఎన్నాళ్ళకి మారుస్తారని అడిగింది. నిజమే చెప్పాను. రాసుకుని, "థాంక్సండి బాబాయ్," అంది. తర్వాత నా ఎదుటే ఫోను తీసి, రేపల్లె ఫిట్టరుకి అదే ప్రశ్న వేసింది. రిటైరయ్యేదాకా నా పేరు పక్కన 'అక్కర్లేదు' అని మళ్ళీ రాయించుకోలేకపోయాను.